మా మందమర్రి నుంచి చూసిన ‘బొమ్మరిల్లు’

‘బొమ్మరిల్లు’ పేరెత్తగానే ఎవరికైనా ముందుగా హాసిని గుర్తుకు వస్తుంది. తల ఒకసారి తగిలితే కొమ్ములు మొలుస్తాయని రెండోసారి తగిలించుకునే ఆ పిల్ల అల్లరి అటువంటిది. నాకు మాత్రం అది తండ్రి పాత్ర వేసిన ప్రకాష్‌రాజ్ చిత్రం. ఇన్నేళ్ళకు మళ్ళీ చూసినా ఆ అభిప్రాయం మారలేదు.

2006 ఆగస్టులో వచ్చిన ఈ చిత్రం దర్శకుడిగా భాస్కర్‌కు మొదటిది. ఆ ఏటి ఉత్తమ చిత్రంగా బంగారు నందిని కూడా అందుకుంది. సముద్రపుటొడ్డున తప్పటడుగులు వేసే పసివాడి చెయ్యి పట్టుకున్న తండ్రితో కథ మొదలవుతుంది. ఆ చెయ్యిని ఇరవైనాలుగేళ్ళు వచ్చాక కూడా పట్టుకునే ఉండాలా అన్నదే చిత్రం అడిగే ప్రశ్న. అరవింద్‌కు పిల్లలంటే ప్రాణం. కనుకనే వాళ్ళ బట్టల దగ్గరనుంచి పెళ్ళి సంబంధం దాకా అన్నీ తానే ఎంచుతాడు. చిన్నకొడుకు సిద్ధు ఇంట్లో తల ఊపుతాడు. బయట మాత్రం ఉద్యోగమూ పెళ్ళీ తన ఇష్టప్రకారమే జరగాలంటాడు. ఒకే మనిషి గడపకు ఇవతల ఒకలాగా, అవతల మరొకలాగా ఉండడంలోంచే హాస్యమంతా పుట్టింది. హాసిని వారం రోజులు ఆ ఇంట్లో ఉండడానికి వచ్చేదాకా మనం నవ్వుతూనే ఉంటాము. తనకు తెలిసిన సిద్ధు ఆ ఇంట్లో లేడని ఆ పిల్ల గ్రహించినప్పుడు నవ్వు ఆగిపోతుంది.

దీనిని మొదటిసారి మా అన్నయ్యతో కలిసి మంచిర్యాలకు వెళ్ళి చూశాను. అప్పటికే అన్నయ్య బాయిలో పనిచేస్తున్నాడు. గనిని మా వైపు బాయి అంటారు. సింగరేణిలో కార్మికుడు పనిలో ఉండగా మరణించినా, వైద్యపరీక్షలో అనర్హుడని తేలినా ఆ ఉద్యోగం వారసునికి దక్కే నియమం ఉంది. చూపు మందగించి నాన్న ‘అన్‌ఫిట్’ అయినప్పుడు అది అన్నయ్యకు వచ్చింది. ఒక కొడుక్కి బాయి, ఇంకొక కొడుక్కి చదువు అని నాన్నే నిర్ణయించారు. ఇద్దరినీ అడగలేదు. ఫోటో స్టూడియో పెట్టుకోవాలన్నది అన్నయ్య కోరిక. ఆ సంగతి నాకు తెలుసు, నాన్నకు తెలియదు.

పతాక సన్నివేశంలో సిద్ధు, ఏళ్ళ తరబడి లోపల దాచుకున్నదంతా తండ్రి ముందు వెళ్ళగక్కుతాడు. హాలు హాలంతా చప్పట్లు కొట్టింది. అన్నయ్య కొట్టలేదు. బయటకు వచ్చాక, "ఆ పిలగానికి అడుగనీకె నోరున్నది. మా నాయిన కండ్లిచ్చి కొలువిచ్చిండు, నేనేమని అడుగుత?" అన్నాడు.

ఆ మాట విన్న తరువాతనే నాకు ఈ చిత్రం పూర్తిగా అర్థమైంది. అరవింద్ క్రూరుడయితే సిద్ధుకు ఇంత కష్టం ఉండేది కాదు. ఎదురు తిరిగి వెళ్ళిపోయేవాడు. మంచివాడు కాబట్టే నోరు పెగలదు. పెట్టిన చేతిని కాదనడం మనలో కృతఘ్నత కదా. హైదరాబాదు మేడలోనయినా, మూడు షిఫ్టుల సైరన్లకు లేచే మా క్వార్టర్లలోనయినా కొడుకు గొంతుకు అడ్డుపడేది భయం కన్నా ఆ రుణమే. పిల్లలు దానిని తీర్చలేరు, దించుకోనూ లేరు. తండ్రి తనంతట తానుగా ఒక్కమాట అడిగితేనే ఆ బరువు కాస్త తగ్గుతుంది.

అందుకే నాకు పతాక సన్నివేశం కన్నా ఆ తరువాతి మలుపు ఎక్కువ నచ్చింది. కొడుకు మాటలకు నిలువునా కదిలిపోయిన అరవింద్, హాసిని తండ్రి కనకారావు (కోట శ్రీనివాసరావు) దగ్గరకు వెళ్ళి, తన కొడుకును ఒక వారం మీ ఇంట్లో ఉంచుకుని చూడమంటాడు. అంతకు ముందు హాసినికి పెట్టిన పరీక్షే ఇప్పుడు సిద్ధుకు. అన్నేళ్ళూ నిర్ణయాలు చేస్తూ వచ్చిన మనిషి మొదటిసారి మరొకరిని అడుగుతున్నాడు. అదీ ఉపన్యాసం లేకుండా, నవ్విస్తూనే జరిగిపోతుంది.

ఆ తరువాత ఈ చిత్రం టీవీలో వచ్చినప్పుడు నాన్న చూశారు. అయిపోయాక చాలాసేపు మాట్లాడలేదు. చివరకు అన్నయ్య వైపు తిరిగి, "నీకు బాయి పని ఇష్టమేనారా?" అన్నారు. అన్నయ్య "గిప్పుడెందుకు నాయినా" అని నవ్వేసి, సెకండ్ షిఫ్టుకు టైమయిందని లేచాడు. వెళ్ళేటప్పుడు మాత్రం, ఎన్నడూ లేనిది, నాన్న భుజం మీద చెయ్యి వేసి వెళ్ళాడు.

మీరు ఈ చిత్రాన్ని ఇప్పటికే చాలాసార్లు చూసి ఉంటారు. వీలయితే ఈసారి మీ నాన్నగారి పక్కన కూర్చుని చూడండి.