ఆకాశం నుండి శిథిలాలయ దర్శనం

బిలాస్‌పూర్ అనగానే మన తెలుగువారికి ముందుగా స్ఫురించేది రైలు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ ఊరిని పెద్ద కూడలిగా తీర్చిదిద్దింది. 1902లో వాల్తేరు నుండి కటక్ వరకు ఉన్న తూర్పు తీర రైలుమార్గం కూడా ఆ సంస్థ చేతికే రావడంతో, ఉత్తరాంధ్ర జిల్లాలకూ ఈ ఊరికీ ఉద్యోగబంధం ముడిపడింది. తాతల నాడు వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు నేటికీ రైల్వే కాలనీలో ఉన్నాయి. 2003లో ఈ పట్టణం ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానమయింది. అయితే ఈ జంక్షనుకు గంటా గంటన్నర ప్రయాణంలోనే వేయి, పదిహేను వందల ఏళ్ళనాటి దేవాలయ శిథిలాలు ఉన్నాయన్న సంగతి మనలో ఎందరికి తెలుసు?

గడచిన శీతాకాలంలో మేము నాలుగు కుటుంబాల వారము కలసి రెండు రోజులలో మల్హార్, రతన్‌పూర్, తాలా గ్రామాలను చూచి వచ్చాము. కొన్ని దేశాలలో యాత్రికులను పైకప్పు లేని చిన్న విమానంలో కూర్చోబెట్టి ప్రాచీనాలయాల మీదుగా తిప్పుతారన్న మాట దారిలో వచ్చింది. “మన చకర్‌భాఠాలోనూ అటువంటిది వస్తే?” అన్నారు పిల్లలు. ఆ ప్రశ్నను మనసులో ఉంచుకొనే మేము ఆ మూడు చోట్లా తిరిగాము. పైనుండి చూస్తే ఏమి తెలుస్తుంది, ఏమి తెలియదు అన్నదే ఈ వ్యాస విషయం.

ముందుగా ఆ వాహనం గురించి రెండు మాటలు. మైక్రోలైట్ అనే ఈ విమానంలో సాధారణంగా ఇద్దరికే చోటు. కొన్నిటికి చుట్టూ గోడలు గాని, పైన కప్పు గాని ఉండవు. తలపైన గుడ్డతో చేసిన రెక్క, క్రింద మూడు చక్రాల బండి, వెనుక ఇంజను. ముందు చోదకుడు, అతని వెనుక యాత్రికుడు కూర్చుంటారు. చిన్న మైదానం చాలు, పైకి లేస్తుంది. ఎండ ముదిరితే నేల వేడెక్కి గాలి పైకి తన్నుకొస్తుంది. తేలికపాటి విమానం ఊగిపోతుంది. అందువలన ఉదయం, సాయంకాలం మాత్రమే ఇందులో విహరించడం శ్రేయస్కరం.

ఆ సమయమే శిథిలాలను చూడడానికీ అనువైనది కావడం విశేషం. వాలుటెండలో జానెడు ఎత్తు మిట్ట కూడా పొడవైన నీడను పరుస్తుంది. నేలమీద నిలిచినవాడికి కనబడని పాత గోడ జాడ, పైనున్నవాడికి గీత గీసినట్లు కనబడుతుంది. పంటలు కూడా సాక్ష్యం చెబుతాయి. పూడిపోయిన కందకం మీద తేమ నిలిచి పైరు ఏపుగా పెరుగుతుంది. పాతుకుపోయిన గోడమీద వేరు దిగక గిడసబారుతుంది. 1929లో చార్లెస్ లిండ్‌బర్గ్ దంపతులు పైకప్పు లేని విమానంలో అమెరికాలోని చాకో లోయ మీదుగా ఎగురుతూ, అక్కడి ప్రాచీన కట్టడాల ఛాయాచిత్రాలు తీశారు. అదే సంవత్సరం మరొక విమానంలో మధ్య అమెరికా అడవులలోని మాయా జాతివారి ఆలయాలనూ పైనుండి పరిశీలించారు. 2012లో కంబోడియాలోని ఆంగ్‌కోర్ పరిసరాలపై హెలికాప్టరు నుండి లేజరు కిరణాలు ప్రసరింపజేసి, అడవి చెట్ల క్రింద దాగిన వీధులను, చెరువులను పటంగా గీశారు. మనకు చేరువలో హంపీ ఉత్సవాల వేళ హెలికాప్టరులో యాత్రికులకు విజయనగర శిథిలాలను చూపిన సందర్భాలున్నాయి.

ఇక మా యాత్రలో మొదటిది మల్హార్. బిలాస్‌పూర్ నుండి మస్తూరి మీదుగా సుమారు ముప్పయి రెండు కిలోమీటర్లు. ఇక్కడి మట్టికోట, దాని చుట్టూ ఉన్న అగడ్త చాలా పురాతనమైనవి. 1975 నుండి 1978 వరకు సాగర్ విశ్వవిద్యాలయం వారు ఇక్కడ త్రవ్వకాలు జరిపారు. క్రీస్తుకు పూర్వపుదని పండితులు చెప్పే చతుర్భుజ విష్ణుమూర్తి విగ్రహం ఈ గ్రామంలోనిదే. అయితే కోట ఏదని అడిగితే మాకు చూపినవి మట్టి దిబ్బలు మాత్రమే. ఎంత దూరం నడచినా అది ఒక గట్టు వలెనే ఉన్నది గాని కోట వలె తోచలేదు.

అప్పుడు మాకు మన ఓరుగల్లు జ్ఞప్తికి వచ్చింది. రాతికోట చుట్టూ సుమారు రెండున్నర కిలోమీటర్ల వ్యాసంతో ఉన్న మట్టికోట నేలమీద వెళ్ళేవారికి ఒక కట్ట మాత్రమే. ఆకాశం నుండి తీసిన చిత్రంలో మాత్రం ఒకే కేంద్రం చుట్టూ గీసిన వలయాలు స్పష్టంగా కనబడి, కాకతీయుల నగర నిర్మాణ కౌశలం ఒక్క చూపులో బోధపడుతుంది. మల్హార్ మట్టిగోడకు కూడా అటువంటి చూపు కావాలి.

రెండవది రతన్‌పూర్. ఉత్తరాన ఇరవై అయిదు కిలోమీటర్లు. పదకొండవ శతాబ్దిలో కలచురి రాజు మొదటి రత్నదేవుడు స్థాపించిన రాజధాని ఇది. 1741లో నాగపూర్ భోంస్లేల సేనలకు లొంగేవరకు ఆ వంశం వారి వైభవానికి నిలయం. మహామాయ అమ్మవారి ఆలయానికి నేటికీ భక్తుల తాకిడి తగ్గలేదు. ఊరి నిండా చెరువులే. ఒక చెరువు గట్టున నిలిస్తే రెండవది చెట్ల చాటున ఉంటుంది. పైనుండి చూడగలిగితే ఆ చెరువులు, కోట, ఆలయాలు ఒకదానికొకటి ఎట్లు అమరినవో తెలుస్తుంది.

ఇంతవరకు పిల్లల పక్షమే గెలిచినట్లున్నది. కాని రెండవనాడు తాలా చేరిన తరువాత మాకు వేరొక సత్యం బోధపడింది. మనియారి నది ఒడ్డున దేవరాణి, జేఠాణి అను రెండు ఆలయాలున్నాయి. తోడికోడళ్ళ పేర్లతో గుళ్ళు! అయిదారు శతాబ్దులనాటివని అంచనా. 1988లో ఇక్కడ బయల్పడిన విగ్రహం ఎనిమిది అడుగులకు పైగా ఎత్తు, అయిదు టన్నులకు పైగా బరువు. దీనిని రుద్రశివుడని వ్యవహరిస్తారు. తలపాగా సర్పాలు, ముక్కు బల్లి, మీసాలు చేపలు, చెవులు నెమళ్ళు, గడ్డం ఎండ్రకాయ. పొట్టమీద, తొడలమీద మానవ ముఖాలు. ఇది ఏ దేవుడని పండితులు నేటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. ఆ బల్లిని, ఆ చేపలను చూడాలంటే నాలుగడుగుల దూరంలో నిలవాలి. వెయ్యి అడుగుల ఎత్తున ఎగిరేవానికి తాలా అంటే చెట్ల నడుమ కొన్ని రాళ్ళు మాత్రమే.

మల్హార్‌లోని పాతాళేశ్వరాలయమూ అంతే. పన్నెండవ శతాబ్దపు ఆ గుడిలో స్వామి నేలమట్టానికి దిగువన ఉన్నాడు. మెట్లు దిగి దర్శించుకోవాలి. ఏ విమానం నుండి చూచినా ఆయన కనబడడు.

కనుక మా అభిప్రాయం ఇది. ఆకాశం నుండి చూచినప్పుడు నగరం తెలుస్తుంది. నేలమీద నిలిచి చూచినప్పుడు శిల్పి తెలుస్తాడు. ఒకటి రెండవదానికి ప్రత్యామ్నాయం కాదు. చకర్‌భాఠా విమానాశ్రయం రెండవ ప్రపంచయుద్ధ కాలంనాటిది. 2021 మార్చి 1 నుండి ప్రయాణికుల విమానాలు నడవడం మొదలై, ఈ ఊరికి పేరునిచ్చినదని జనశ్రుతి చెప్పే బిలాసాదేవి పేరు దానికి పెట్టారు. ఆ విమానాల రాకపోకలకు అడ్డురాకుండా, తగిన అనుమతులతో, భద్రతా నియమాలతో విహారవిమానం రావడం అసాధ్యమేమీ కాదు.

అయితే అంతకంటె ముందు జరుగవలసినది ఒకటున్నది. రాతిగుడి పడిపోతే రాళ్ళైనా మిగులుతాయి. మట్టికోటను దున్నితే, దానిమీద ఇల్లు కడితే, ఇక ఏమీ మిగలదు. మల్హార్‌లో నేటి జనావాసం ఆ కోట సరిహద్దులను ఒరసుకొనే ఉన్నది. అక్కడివారికి తలదాచుకొనే ఇల్లూ కావాలి, దేశానికి ఆ గోడా కావాలి. గోడ ఎక్కడివరకు ఉన్నదో గ్రామస్థులకే తెలియకపోతే వారు దానిని ఎట్లు కాపాడగలరు? పైనుండి తీసిన చిత్రాన్ని పెద్దదిగా అచ్చువేయించి పంచాయతీ కార్యాలయంలోనూ పాఠశాలలోనూ తగిలిస్తే, ఆ గట్టు తమ ఊరి ఆస్తి అని పిల్లవానికీ తెలుస్తుంది. విహారయాత్రికుని వినోదం కంటె ఆ ఒక్క చిత్రం విలువ ఎక్కువ.

విశాఖ నుండి రాయగడ, టిట్లాగఢ్, రాయపూర్‌ల మీదుగా రైలులో బిలాస్‌పూర్ చేరవచ్చు. వరికోతలు ముగిసిన తరువాత, నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. సోదర ఉద్యోగులు సకుటుంబంగా రండి. తాలాకు కనీసం ఒక పూట కేటాయించండి. మల్హార్‌లో గుడి చూచి వెనుదిరగక, ఆ మట్టిగట్టు మీద కొంతదూరం పిల్లలను నడిపించండి.