మునగని వాళ్లకి అండమాన్‌లో ఏం పని?

"డైవింగ్ చెయ్యనప్పుడు అండమాన్ ఎందుకే? సూర్యలంక పోయి రండి, పెట్రోల్ ఖర్చుతో అయిపోతుంది."

ఆఫీసు వాట్సాప్ గ్రూపులో నా ప్లాన్ చెప్పగానే వచ్చిన మొదటి రిప్లై ఇది. కింద ఆరు నవ్వు ముఖాలు. నేనూ ఒక నవ్వు ముఖం పెట్టి ఊరుకున్నాను కానీ, ఆ మాట మనసులో ఉండిపోయింది. నిజమే కదా. యూట్యూబ్‌లో అండమాన్ అని కొడితే వచ్చేదంతా నీళ్ల అడుగున బొటనవేళ్లు చూపించే వాళ్ల వీడియోలే.

మా జట్టు సంగతి చెప్తాను. ఇంటర్‌లో ఉండగా నాకు చెవి ఆపరేషన్ అయింది. కర్ణభేరికి చిల్లు పడితే అతుకు వేశారు. జన్మలో డైవింగ్ జోలికి వెళ్లొద్దన్నారు డాక్టర్‌గారు. తమ్ముడికి ఈత రాదు, ఉత్సాహం మాత్రం బోలెడు. ఇక మూడో మనిషి అమ్మ. భీమిలి పక్కన సముద్రం ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి. కానీ నాకు ఊహ తెలిశాక ఆవిడ పాదం సముద్రంలో తడవడం చూడలేదు. ఆర్కే బీచ్‌కి వెళ్తే మేం అలల్లో గెంతుతుంటే, తను ఇసుకలో కూర్చుని మా చెప్పులకి కాపలా కాస్తుంది. చిన్న మావయ్య పదహారేళ్ల వయసులో సముద్ర స్నానానికి వెళ్లి తిరిగి రాలేదు. మా ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తరు. గోడ మీద ఫొటో ఉంటుంది, అంతే.

అలాంటి ఆవిడే ఓ రోజు టీవీలో రాధానగర్ బీచ్ చూసి, "ఆ నీళ్లేంటే అలా ఉన్నాయి, రంగు కలిపినట్టు" అంది. నాకు అది చాలు. ఆ రాత్రే టికెట్లు వెతకడం మొదలుపెట్టాను.

ముందు పేర్ల గందరగోళం. బుకింగ్ యాప్‌లలో ఒకచోట పాత పేరు, ఇంకోచోట కొత్త పేరు కనిపిస్తాయి, కంగారుపడకండి. హావ్‌లాక్ అన్నా స్వరాజ్ ద్వీప్ అన్నా ఒకటే. నీల్ అంటే షహీద్ ద్వీప్. రాస్ ఐలాండ్ ఇప్పుడు నేతాజీ సుభాష్ చంద్ర బోస్ ద్వీప్. ఈ మూడూ 2018లో మారాయి. పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది. ఆటోవాళ్లకి మాత్రం పాత పేర్లే నోట్లో ఆడుతున్నాయి.

నా మొదటి ప్లాన్ చూస్తే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది. నాలుగు రాత్రుల్లో ఐదు దీవులు! మ్యాప్‌లో చూస్తే అన్నీ పక్కపక్కనే ఉన్నాయి కదా. హావ్‌లాక్‌కి ప్రైవేటు ఫెర్రీలో గంటన్నర, అక్కడి నుంచి నీల్‌కి ఇంకో గంట. కానీ రూమ్ ఖాళీ చేయాలి, గంట ముందే జెట్టీకి చేరాలి, గుర్తింపు కార్డులు చూపించాలి, సామాను స్కాన్ చేయించాలి, దిగాక ఆటో మాట్లాడుకోవాలి. దీవి మారిన ప్రతిసారీ సగం రోజు ఇట్టే పోతుంది. మోకాళ్ల నొప్పులున్న మనిషితో ఇంకొంచెం ఎక్కువే. బారాటాంగ్ మొదట కొట్టేశాను. ఆ దారి జరావా తెగ రిజర్వు అడవి గుండా కాన్వాయ్‌గా వెళ్తుంది. ఆగకూడదు, ఫొటోలు తీయకూడదు. నియమాలు సరే, మన సరదా కోసం వాళ్ల ఇంటి మధ్యలోంచి వెళ్లడం నాకే బాగా అనిపించలేదు. మీ ఇష్టం మీది.

చివరికి ఆరు రాత్రులు, మూడు మజిలీలు. పోర్ట్ బ్లెయిర్‌లో ఒకటి, హావ్‌లాక్‌లో రెండు, నీల్‌లో రెండు, తిరిగి పోర్ట్ బ్లెయిర్‌లో ఒకటి. ఆ చివరి రాత్రి నేను పెట్టింది కాదు. నీల్ నుంచి పొద్దున్న ఫెర్రీ, మధ్యాహ్నం ఫ్లైట్ అనుకున్నాను. హోమ్‌స్టే ఆయనకి ఫోన్ చేసి చెప్తే, "మేడమ్, సముద్రం మీ ఫ్లైట్ టికెట్ చూడదు" అన్నాడు హిందీలో. అప్పుడు మార్చాను. ఆయనకి రోజుకో దండం పెట్టుకోవాలి. ఎందుకో తర్వాత చెప్తాను.

అన్నిటికంటే ముఖ్యమైన విషయం తేదీలు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మంచి కాలం అని అందరూ చెప్తారు. మునగని వాళ్లు చూసుకోవాల్సింది ఇంకోటుంది, ఆటుపోట్లు. డైవర్‌కి పగడాల దగ్గరికి వెళ్లే దారి కింద నుంచి ఉంది. మనకి ఆ దారి లేదు. కాబట్టి నీళ్లే వెనక్కి తగ్గి, పగడాలు పైకి కనిపించే సమయం చూసుకోవాలి. పౌర్ణమికి, అమావాస్యకి పోటు బాగా ఎక్కువ, ఆటు బాగా తక్కువ. అష్టమి దరిదాపుల్లో ఆ తేడా తగ్గిపోతుంది. పైగా ఆ సమయం రోజుకి సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంటుంది. అండమాన్‌లో పౌర్ణమి రోజుల్లో నీళ్లు తగ్గేది మధ్యాహ్నం మూడు దాటాక. అంటే పొద్దుగూకేలోపు చక్కగా తిరగొచ్చు. యాప్‌లో పట్టికలు చూసి, ఫిబ్రవరిలో పౌర్ణమి మధ్యలో పడేలా ఏడు రోజులు ఖాయం చేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

తేదీలు చెప్పగానే అమ్మ లేచి గోడ మీద క్యాలెండర్ పేజీ తిప్పింది. కాసేపు అలాగే నిలబడింది.

"మాఘ పౌర్ణమి కదే" అంది.

నాకు అప్పుడు వెలిగింది. మావయ్య వెళ్లింది మాఘ పౌర్ణమి స్నానానికే. మార్చేస్తానమ్మా, టికెట్లు ఇంకా కొనలేదన్నాను. అమ్మ వంటింట్లోకి వెళ్లింది. పోపు వేసిన చప్పుడు. పావుగంట తర్వాత అక్కడి నుంచే, "ఉండనీ. అదే తేదీ ఉండనీ" అంది. ఎందుకని నేను అడగలేదు.

హైదరాబాద్ నుంచి విమానంలో సుమారు రెండున్నర గంటలు. వైజాగ్ నుంచి నౌక కూడా ఉంది కానీ రెండు రోజులకి పైనే పడుతుంది, తరచుగా ఉండదు. దిగి ఆటో ఎక్కితే డ్రైవర్ మా మాటలు విని, "ఏ ఊరమ్మా మీది?" అన్నాడు తెలుగులో. వాళ్ల నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. అమ్మకి సగం భయం అక్కడే పోయింది.

సెల్యులార్ జైలు సాయంత్రం చూశాం. ఏడు రెక్కల్లో ఇప్పుడు మిగిలినవి మూడే. ఆ గదుల ముందు నిలబడితే ఎవరికీ సెల్ఫీ బుద్ధి పుట్టకూడదు, కానీ పుడుతోంది. మర్నాడు రాస్ ఐలాండ్. దీన్ని కావాలనే ముందు పెట్టాను. జెట్టీ నుంచి పడవలో కొద్ది నిమిషాలే, అమ్మకి పరీక్షలాంటిది. నా చెయ్యి గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకుని కూర్చుంది, గోళ్ల గుర్తులు సాయంత్రం దాకా ఉన్నాయి. ఒకప్పుడు బ్రిటిష్ పాలనకి కేంద్రమైన చోటు. 1941లో భూకంపం, 1942లో జపాన్ సైన్యం. ఇప్పుడు చర్చి గోడల్ని, దొరల బంగళాల్ని చెట్ల వేళ్లు పిడికిట్లో బిగించి పట్టుకున్నాయి. జింకలు మన చేతుల దాకా వచ్చేస్తాయి. పెద్దవాళ్లకి బ్యాటరీ బండ్లున్నాయి, మోకాళ్ల గురించి బెంగ అక్కర్లేదు.

ఆ మధ్యాహ్నమే హావ్‌లాక్ ఫెర్రీ. వాంతులయ్యే వాళ్లు అరగంట ముందే మాత్ర వేసుకోండి, ముందు సీట్లు వద్దు, మధ్యలో కూర్చుంటే కుదుపు తక్కువ. చేతిలో నగదు ఉంచుకోండి. 2020లో చెన్నై నుంచి సముద్రం కింద కేబుల్ వేశాక నెట్ మెరుగుపడిందంటారు, కానీ కొబ్బరిబోండాం బండి దగ్గర మా యూపీఐ తిరుగుతూనే ఉంది, బోండాం అయిపోయింది.

రాధానగర్ గురించి ఎక్కువ రాయను. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోనే మేటి బీచ్ అంది, తప్పేం చెప్పలేదు. ఇసుక పిండిలా ఉంటుంది, సూర్యుడు ఎదురుగానే మునుగుతాడు. మొసళ్ల హెచ్చరిక బోర్డులుంటాయి, వల కట్టిన చోటే దిగండి. అమ్మ ఇక్కడా చెప్పులకి కాపలా కాసింది.

ఎలిఫెంట్ బీచ్‌లో తమ్ముడు స్నోర్కెలింగ్ చేశాడు. లైఫ్ జాకెట్ వేసి, ట్యూబ్ పట్టించి, మనిషి తోడుండి లాక్కెళ్తాడు, ఈత రాకపోయినా పర్లేదు. నీటి మీద తేలడమే కాబట్టి మా డాక్టర్‌గారు ఒప్పుకున్నారు, చెవిలో ప్లగ్ పెట్టుకుని నేనూ తేలాను. మీ చెవి సంగతి మీ డాక్టర్‌నే అడగండి. ఇక్కడో మాట. సీ వాక్ అని ఒకటి అమ్ముతారు, తలకి పెద్ద హెల్మెట్ పెట్టి అడుగున నడిపిస్తారు. "ఇది డైవింగ్ కాదు మేడమ్, ముసలివాళ్లు కూడా చేస్తారు" అన్నాడు ఒకతను. తల తడవదు, నిజమే. కానీ పది మీటర్ల లోతుకి ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది, ఐదు మీటర్లకి అందులో సగం. హెల్మెట్‌లో గాలికీ అదే పీడనం. చెవికి అది హెల్మెట్టో స్కూబానో తెలియదు. చెవి, ఊపిరి, గుండె సమస్యలున్నవాళ్లు దీన్నీ డైవింగ్ కిందే లెక్కేసుకోండి. నేను వద్దన్నాను. అతను ఇంకో బేరం వెతుక్కున్నాడు.

నీల్‌కి వెళ్లాల్సిన రోజు పొద్దున్నే మెసేజ్: గాలి ఎక్కువగా ఉంది, ఫెర్రీ రద్దు. జెట్టీ దగ్గర ఒక కొత్త జంట ఏడుపు ఒక్కటే తక్కువ, మర్నాడే వాళ్ల ఫ్లైట్. మాకు పోయింది నీల్‌లో ఒక రాత్రి. హావ్‌లాక్‌లో దొరికిన రూమ్‌లో ఫ్యాను గానుగలా తిరిగింది. ఆ రోజంతా అమ్మ వరండాలో కూర్చుని సముద్రం వైపే చూసింది. చెట్లు ఊగిపోతున్నాయి. వెనక్కి వెళ్లిపోదామంటుందేమో అనుకున్నాను. అనలేదు.

మర్నాడు గాలి తగ్గింది. మధ్యాహ్నానికి నీల్‌లో దిగాం. అది సరిగ్గా పౌర్ణమి రోజు.

నీల్ చిన్న ఊరు. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు ఎక్కువ. బీచ్‌ల పేర్లు భరత్‌పూర్, సీతాపూర్, లక్ష్మణ్‌పూర్. రామాయణం పటమేసినట్టుందని అమ్మ నవ్వింది. లక్ష్మణ్‌పూర్ రెండో బీచ్‌లో రాతి తోరణం ఒకటుంది, బెంగాలీలు దాన్ని హౌరా బ్రిడ్జ్ అంటారు. ఆటుకి మాత్రమే అక్కడిదాకా నడవగలం. రాళ్లు కత్తుల్లా ఉంటాయి, పట్టున్న చెప్పులు తప్పనిసరి. మూడు దాటాక వెళ్లాం. నీళ్లు నిజంగానే దూరంగా జరిగిపోయాయి. రాళ్ల మధ్య గుంటల్లో సముద్రం చిన్న చిన్న ముక్కలుగా మిగిలింది. ఒక గుంటలో నీలం చేప, ఒకదాంట్లో నల్లటి సముద్ర దోసకాయ, అంచున బతికున్న పగడం. గైడ్ కుర్రాడు ఏదీ ముట్టుకోవద్దన్నాడు. గవ్వలు, పగడాలు తీసుకెళ్లకూడదు, ఎయిర్‌పోర్టులో బ్యాగులు చూస్తారు.

అమ్మ ఒక బండ మీద కూర్చుంది. పాదాల దగ్గరే చిన్న గుంట, చీలమండ లోతు కూడా లేదు. వేలెడంత పీత ఒకటి అటూ ఇటూ పరిగెడుతోంది. చాలాసేపు దాన్ని చూసింది. తర్వాత చెప్పులు విప్పి తమ్ముడి చేతికిచ్చి, రెండు పాదాలూ నీళ్లలో పెట్టింది.

"వాడికి ఈత బాగా వచ్చు. ఊళ్లో అందరికంటే బాగా వచ్చు" అంది.

మేం ఇద్దరం ఏం మాట్లాడలేదు. దోసిట్లో నీళ్లు తీసుకుని మూడుసార్లు నెత్తిన చల్లుకుంది. నా మీద, తమ్ముడి మీద చల్లింది. నా కళ్లజోడంతా ఉప్పు చుక్కలు. అలలు మళ్లీ ముందుకొస్తున్నాయి, వెళ్లాలి అన్నాడు గైడ్.

మర్నాడు పొద్దున్న పోటు మీదుండగా భరత్‌పూర్‌లో గాజు అడుగు పడవ ఎక్కాం. ఆటుకి తోరణం, పోటుకి పడవ, ఇలా పెట్టుకుంటే రెండూ దక్కుతాయి. రాస్‌కి వెళ్లేటప్పుడు కళ్లు మూసుకున్న మనిషి, ఇప్పుడు గాజు మీదకి వంగి, పక్కన కూర్చున్నావిడని కాస్త జరగమంది. కింద చేపల గుంపు ఒకటి చీర అంచు తిప్పినట్టు తిరిగింది. పడవ ఒడ్డుకి మళ్లగానే అమ్మ నన్ను మోచేత్తో పొడిచి, "ఇంకో రౌండుకి ఎంతట? హిందీలో అడగవే" అంది.