తలుపు అంచున ఉన్న అంకె



మా అబ్బాయి అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో ఉంటాడు. నిరుడు అక్టోబరులో మేమిద్దరం వెళ్లి వాడి దగ్గర రెండు నెలలు ఉండి వచ్చాము. అక్కడ మేము చేసిన ఒక తెలివితక్కువ పని గురించి ఈ రోజు మీతో చెప్పుకోవాలనిపించింది.

వాడి దగ్గర మాజ్దా మియాటా అనే పాత స్పోర్ట్స్ కారు ఉంది. 1989లో అమ్మకానికి వచ్చిన మొదటి రకం. నేలకు ఆనినట్టుండే చిన్న బండి, బరువు సుమారు వెయ్యి కిలోలు. ఉన్నవి రెండే సీట్లు గనుక ఇద్దరం కలిసి ఎక్కడానికి లేదు. ఒక రోజు ఒకరం, మరో రోజు ఇంకొకరం వాడి పక్కన కూర్చునేవాళ్లము.

ఒక మధ్యాహ్నం వాడు ఇంట్లో ఆఫీసు పనిలో ఉండగా మాకు ఆ టైర్లు మెత్తగా కనిపించాయి. గ్యారేజీలో గాలి కొట్టే చిన్న మిషను ఉంది. టైరు పక్కన చూస్తే 44 అని రాసి ఉంది. మన ఊళ్లో గాలి ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదని కదా మన లెక్క! ఒకరం గొట్టం పట్టుకుంటే ఇంకొకరం అంకె చదివాము. జాగ్రత్త కోసమని 40 దగ్గర ఆపాము. వాడికి సాయం చేశామని సంబరపడ్డాము.

సాయంత్రం మాలో ఒకరం వాడితో బయలుదేరాము. బండి ప్రతి చిన్న గతుక్కీ ఎగిరింది. ఒక గతుకుల మలుపులో వెనక చక్రాలు గెంతి పక్కకు జరిగాయి. బండి రోడ్డు దిగి గడ్డిలో ఆగింది. ఎవరికీ దెబ్బ తగలలేదు గానీ, వాడి చేతులు వణకడం చూశాము.

వాడు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. మరునాడు తెల్లవారాక, బండి ఇంకా కదలకముందే, ఇద్దరినీ పిలిచి డ్రైవరు తలుపు తెరిచాడు. తలుపు చట్రం మీద చిన్న కాగితం అతికించి ఉంది. ముందు చక్రాలకు 26, వెనక చక్రాలకు 26.

"నాన్నా, టైరు మీద ఉన్నది అది ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పే అంకె. ఎంత కావాలో బండి చెబుతుంది" అన్నాడు.

ఆ టైరు ఒక్కొక్కటి 475 కిలోల వరకు మోయగలదట. ఈ బండిలో ఇద్దరు కూర్చున్నా ఒక్కో టైరు మీద పడేది మూడు వందల కిలోల లోపే. అంత తేలిక బండికి 40 పెడితే టైరు మధ్యలో ఉబ్బి, ఆ నడిమి భాగమే నేలకు ఆనుతుంది. పట్టు తగ్గుతుంది, మధ్యభాగం త్వరగా అరుగుతుంది. గాలి మరీ తక్కువైతే అంచులు అరిగి టైరు వేడెక్కుతుంది. బండి నడిచాక టైరు వేడికి అంకె పెరుగుతుంది కాబట్టి చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. చలి ఐదారు డిగ్రీలు ముదిరితే ఒక పాయింటు దానంతటదే తగ్గుతుంది.

తర్వాత వాడు సుద్దముక్క తెచ్చి టైరుకు అడ్డంగా గీత గీశాడు. బడిలో ముప్పై ఏళ్లు సుద్దముక్క పట్టిన వాళ్లము, దాని ఈ ఉపయోగం ఎన్నడూ ఎరగము. కాస్త దూరం నడిపి వస్తే గీత మధ్యలో మాత్రమే చెరిగింది. గాలి కొద్దికొద్దిగా తీస్తూ, గీత గీస్తూ, మళ్లీ నడిపాడు. 28 దగ్గర గీత ఈ చివర నుంచి ఆ చివరకు సమంగా చెరిగింది. "కాగితం చెప్పినదానికి రెండు ఎక్కువ. ఈ టైర్లకు ఇది సరిపోయింది" అన్నాడు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. వీడిని ఇంటర్మీడియట్‌కు విజయవాడ హాస్టల్లో వేసిన రోజులు గుర్తొచ్చాయి. తెల్లవారుజామున చదువు, వారం వారం పరీక్ష, ర్యాంకు తగ్గితే మా ఫోను. ఒకసారి చెప్పకుండా ఇంటికి వచ్చేశాడు. అన్నం పెట్టి, మర్నాటి మొదటి బస్సుకే తిరిగి పంపాము. "పక్కింటి పిల్లవాడు తట్టుకుంటున్నాడు, నువ్వు తట్టుకోలేవా?" అన్నాము. తట్టుకున్నాడు, నిజమే. కానీ ఆ తర్వాత చాలా ఏళ్లు మాతో మనసు విప్పి మాట్లాడలేదు. వాడు ఎంత తట్టుకుంటాడో చూశాము గానీ, వాడికి ఎంత కావాలో అడగలేదు.

పొద్దున్నే ఆ మాట వాడితో చెప్పాము. కాసేపు తల వంచుకుని కూర్చున్నాడు. "ఆ రోజు బస్సు ఎక్కించేటప్పుడు అమ్మ ఏడ్చింది. నేను చూశాను" అన్నాడు. అంతే. కాఫీ తాగి లేచి, "ఈ రోజు ఎవరు వస్తారు?" అని తాళాలు తీసుకున్నాడు.

ఇప్పుడు ఆదివారం ఫోనులో ప్రమోషన్ గురించి మేము అడగడం లేదు. చలి పెరిగిందా, టైర్లలో గాలి చూసుకున్నావా అని అడుగుతాము. వాడు నవ్వుతాడు, ఆ తర్వాత చాలాసేపు మాట్లాడతాడు.

మీ ఇంట్లోనూ పిల్లలుంటారు. వారి మీద బరువు పెట్టేముందు ఒక్కసారి తలుపు తెరిచి చూడండి.