మా బడ్జీలు ఆకుకూర తిన్న కథ



సాయంత్రం లంచ్ బాక్స్ మూత తీస్తే క్యారెట్ ముక్కలు పొద్దున పెట్టినవి పెట్టినట్టే కనబడటం మీలో చాలామందికి అలవాటే అయి ఉంటుంది. మా ఇంట్లో అలా వదిలేసేవాళ్లు ముగ్గురు. ఒకరు అయిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి. మిగతా ఇద్దరు బాల్కనీ పక్కన పంజరంలో ఉండే బడ్జీలు, నీలి, మామిడి. ఈ నెల ఆ పక్షుల గురించే మీతో మాట్లాడాలనుకుంటున్నాను. మీ ఇంట్లో పక్షులుంటే ఇందులో పనికొచ్చే సంగతులు కొన్ని దొరుకుతాయి. పక్షులు కొనమని పిల్లలు మారాం చేస్తుంటే మాత్రం కొనేముందే ఇది చదవండి.

బడ్జీలంటే ఏవి?

మన ఊళ్లలో వీటిని లవ్ బర్డ్స్ అని అమ్ముతారు. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికా చిలుకలు. బడ్జీలు ఆస్ట్రేలియా పక్షులు. 1840లో జాన్ గౌల్డ్ అనే పక్షి శాస్త్రవేత్త వీటిని ప్రాణాలతో ఇంగ్లండుకు తెచ్చాడు. ఆ తర్వాత ఇళ్లలో పెంచడం మెల్లగా ప్రపంచమంతా పాకింది. మన రామచిలుక సంగతి వేరు. దాన్ని పట్టడం, అమ్మడం, పంజరంలో పెట్టి పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పిల్లలకు ఈ తేడా ముందే చెప్పడం మంచిది.

బడ్జీలు తమ సొంత నేల మీద గుంపులుగా తిరుగుతూ గడ్డిగింజలు ఏరుకు తింటాయి. మరి గింజలే వాటి తిండి అయినప్పుడు కూరగాయలెందుకు? మామిడి తరచూ తుమ్ముతూ, రెక్కలు ఉబ్బించుకుని ఓ మూల కూర్చుంటుంటే పక్షుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. అప్పుడు నేను అడిగిన ప్రశ్న ఇదే.

ఆయన ఓపిగ్గా చెప్పారు. బయట తిరిగే పక్షి రకరకాల గింజలు తింటుంది, పాలుపోసుకుంటున్న పచ్చి గింజలు కూడా తింటుంది, రోజంతా ఎగురుతుంది. పంజరంలోని పక్షికి ఏడాదంతా డబ్బాలోంచి తీసిన ఎండు గింజలే. వాటిలో విటమిన్ ఎ చాలా తక్కువ, కాల్షియమూ తక్కువే. విటమిన్ ఎ చాలకపోతే ముక్కు, నోరు, గాలి వెళ్లే దారుల లోపలి పొర బలహీనపడి ఇన్ఫెక్షన్లు తేలిగ్గా పట్టుకుంటాయి. మామిడికి మందు రాసిచ్చి, "ఈసారికి తగ్గుతుంది. తిండి మారకపోతే మళ్లీ వస్తారు" అన్నారు. పక్కనే నిలబడిన మా అమ్మాయి ఆ మాట గట్టిగా పట్టుకుంది. దారంతా మాట్లాడలేదు.

ఆకలితో పంతం వద్దు

ఇంటికి రాగానే మా అత్తయ్య తేల్చేశారు. "ఆ గింజల గిన్నె తీసి అవతల పెట్టండి. ఆకలేస్తే అదే తింటుంది." ఈ మాట మనలో ఎవరు వినలేదు చెప్పండి? చిన్నప్పుడు మనకూ అన్నారు, ఇప్పుడు మన పిల్లలతో మనమూ అంటున్నాం.

పక్షుల విషయంలో ఇది ప్రాణం మీదికి తెస్తుంది. బడ్జీ బరువు 30 నుంచి 40 గ్రాములు. అంత చిన్న ఒంట్లో నిల్వ ఉండేది చాలా తక్కువ, ఖర్చయ్యేది చాలా ఎక్కువ. ఒక రోజంతా తినకపోతేనే అపాయం మొదలవుతుంది. పైగా గింజలే తిని పెరిగిన బడ్జీకి క్యారెట్ ముక్క తిండిలా కనబడదు. గూట్లోకి ఎవరో తెచ్చిపెట్టిన కొత్త వస్తువులా కనబడుతుంది. దాన్ని చూసి బెదురుతుంది కూడా. మా అమ్మాయి ఇదే చెప్పింది: "నానమ్మా, అది మొండికేయట్లేదు. అది తినేదని దానికి తెలీదు." అత్తయ్య ఇంకేమీ అనలేదు.

అందుకని గింజలు మానకుండానే మొదలుపెట్టాం. ఇక్కడ ఇంకో సంగతి గమనించండి. బడ్జీ గింజ పొట్టు వలిచి, పప్పు తిని, పొట్టును గిన్నెలోనే వదిలేస్తుంది. చూడటానికి గిన్నె నిండుగానే ఉంటుంది, లోపల ఉన్నది పొట్టే. రోజూ ఒకసారి ఊది చూడండి.

మేం ఏమేం చేశామంటే

వంటింటి డిజిటల్ త్రాసు మీద చిన్న డబ్బా పెట్టి, అందులో పక్షిని కూర్చోబెట్టి వారానికి రెండుసార్లు తూచాం. మా అమ్మాయి ఒక పాత నోటుబుక్కులో తారీఖు, బరువు, ఆ రోజు పెట్టిన కూర, ముట్టిందా లేదా అన్నవి నాలుగు గళ్లలో రాసేది. మామిడి బరువు 36 గ్రాములు. అందులో 3, 4 గ్రాములు తగ్గాయంటే 60 కిలోల మనిషి ఆరు కిలోలు తగ్గినట్టే. అలా తగ్గితే ప్రయత్నం ఆపి డాక్టరుకు చూపించాలి.

కూర పెట్టే వేళ పొద్దున్నే. రాత్రంతా నిద్రపోయి లేచాక ఆకలి బాగుంటుంది. ముందు కూర పెట్టి, ఓ గంట తర్వాత గింజలు వేసేవాళ్లం. పెట్టే చోటు కూడా ముఖ్యమే. గిన్నెలో వేసి అడుగున పెట్టినన్నాళ్లు రెండూ అటు చూడలేదు. కొత్తిమీర కట్టను తడిపి, అవి కూర్చునే కర్ర పక్కన బట్టల క్లిప్పుతో వేలాడదీశాక నీలి దగ్గరికి వచ్చింది. తినడానికి కాదు, ఆ తడి ఆకుల్లో ఒళ్లు రుద్దుకోవడానికి. చాలా బడ్జీలకు తడి ఆకుల్లో స్నానం ఇష్టం. స్నానం చేస్తూ చేస్తూ ముక్కుతో ఆకును లాగడం మొదలవుతుంది.

క్యారెట్‌ను సన్నగా తురిమి, పైన చిటికెడు కొర్రలు చల్లాం. గింజ కోసం వచ్చిన ముక్కుకు తురుము అంటుకుంటుంది. రుచి ఆ విధంగా పరిచయమవుతుంది. ఎర్ర క్యాప్సికమ్, ఉడికించిన చిలగడదుంప, గుమ్మడికాయ, మునగాకు, మెంతికూర ఒకదాని తర్వాత ఒకటి మార్చి చూశాం. పండు మిరపకాయ కూడా పెట్టొచ్చు. మన నోరు మండించే పదార్థం పక్షులకు కారంగా తెలియదు. రామచిలుకలు మిరపచేను మీద పడేది అందుకే.

పదిహేను రోజులు గడిచినా నోటుబుక్కులో నాలుగో గడి నిండా "లేదు" అనే ఉంది. మా అమ్మాయికి విసుగొచ్చింది. నాకూ వచ్చింది.

దారి చూపింది మా అత్తయ్యే. పంజరం పక్కన పీట వేసుకుని రోజూ మునగాకు దూయడం ఆవిడకు అలవాటు. ఆకు దూస్తూ, వాటితో కబుర్లు చెబుతూ, మధ్యలో ఒక కొత్తిమీర రెమ్మ నోట్లో వేసుకుని నమిలేవారు. బడ్జీలు గుంపు పక్షులు. పక్కవాళ్లు తింటున్నదాన్ని చూసి, అది తినదగిందేనని నమ్ముతాయి. ఆవిడ వేళ్ల మధ్య కదిలే ఆకులను నీలి రోజూ తల వంచి చూసేది. ఇరవై మూడో రోజున పంజరం ఊచల్లోంచి ముక్కు చాపి మునగాకు కొస కొరికింది. అత్తయ్య కదలకుండా కూర్చుని, గొంతు తగ్గించి, "ఏయ్, రా రా, చూడు" అని మనవరాలిని పిలిచారు. ఆ రోజు నాలుగో గడిలో "అవును" అని ఎర్ర పెన్నుతో రాసింది మా అమ్మాయి.

నీలి తినడం చూసి మామిడి ఇంకో తొమ్మిది రోజులకు దారిలోకి వచ్చింది. ఇప్పుడు నీలి దాదాపు అన్నీ రుచి చూస్తుంది. మామిడికి కొత్తిమీర, మునగాకు, క్యారెట్ తురుము చాలు. గుమ్మడికాయను ఈరోజుకీ గిన్నెలోంచి బయటికి విసిరేస్తుంది. దాని ఇష్టం దానిది. తుమ్ములు మాత్రం మళ్లీ రాలేదు.

మీరు మొదలుపెడితే ఇవి గుర్తుంచుకోండి

అవకాడో, చాక్లెట్, కాఫీ, టీ, ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు వేసిన చిప్స్ పక్షులకు పెట్టకండి. అవకాడో అయితే కొంచెం తిన్నా ప్రాణాంతకం కావచ్చు. ఈ జాబితాను ఇంటికి వచ్చే చుట్టాల పిల్లలకు కూడా చెప్పండి.

ఆకుకూరలపై పురుగుమందు ఉండొచ్చు కాబట్టి ధారగా పడే నీళ్లలో బాగా కడగండి. పాలకూర ఎప్పుడో ఒకసారి చాలు. అందులోని ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదు.

ఎండాకాలంలో కోసిన కూరలు త్వరగా పాడవుతాయి. గంట, రెండు గంటల్లో తీసేయండి.

ఆకుకూర తిన్న రోజు రెట్ట కాస్త నీళ్లగా పడుతుంది. పక్షి హుషారుగా ఉంటే కంగారు పడక్కర్లేదు. నీరసంగా, ఉబ్బి కూర్చుంటే మాత్రం ఆ రోజే డాక్టరుకు చూపించండి. గింజలు తగ్గించడం, పెల్లెట్లు మొదలుపెట్టడం వంటివి కూడా డాక్టరు చెప్పినట్టే చేయండి.

పిల్లల సంగతి?

పక్షులకు, పిల్లలకు పోలిక పెట్టేస్తే తేలిగ్గానే ఉంటుంది. పిల్లలు పక్షులు కారు. అయినా ఒక విషయంలో రెండూ కలుస్తాయి. కొత్త కూరను పిల్లలు ఒప్పుకోవడానికి చాలాసార్లు చూడాలి, వాసన పట్టాలి, కొంచెం నాకి వదిలేయాలి. మనం రెండు మూడుసార్లు పెట్టి, "వీడు బీరకాయ తినడండీ" అని చుట్టాల ముందు ముద్ర వేసేస్తాం. ఎలిన్ శాటర్ అనే అమెరికన్ పోషకాహార నిపుణురాలు దీనికి పనులు పంచిపెట్టారు: ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దల పని; తినాలా, ఎంత తినాలి అన్నది పిల్లల పని. పంజరం ముందు నెల రోజులు కూర్చున్నాక ఆ మాట నాకు ఇంకా బాగా అర్థమైంది.

మా అమ్మాయి బెండకాయ తినడం ఇంకా మొదలుపెట్టలేదు. ఎందుకు తినవని అడగడం మేం మానేశాం. బెండకాయ వండిన రోజు అందరం కలిసి కూర్చుని తింటాం, తన కంచం అంచున రెండు ముక్కలు వేస్తాం, వేరే కబుర్లు చెప్పుకుంటాం. మొన్న ఒక ముక్కను కొరికి, "జిగురుగా ఉంది" అని పక్కన పెట్టింది. పెట్టనీ. పక్షుల నోటుబుక్కులో చివరి పేజీ తెరిచి తన పేరు, తారీఖు, "బెండకాయ" అని తనే రాసుకుంది. నాలుగో గడిలో ఏం రాయాలో కాసేపు ఆలోచించి, "కొంచెం" అని రాసింది.

మీ ఇంట్లోనూ ఒక నోటుబుక్కు తెరవండి. నెల రోజులు చాలకపోతే రెండు నెలలు రాయండి. ఏ పక్షి ఏ ఆకు దగ్గర ఒప్పుకుందో వచ్చే పేరెంట్ టీచర్ మీటింగ్‌లో కలిసినప్పుడు నాకు తప్పకుండా చెప్పండి.