తెగిన తీగ
హోల్బైన్ ‘ది అంబాసిడర్స్’ (1533) బొమ్మని జూమ్ చేసి చూస్తున్నా. ఇద్దరు ఫ్రెంచి దౌత్యవేత్తల మధ్య, కింది అరలో ల్యూట్ అనే తీగవాద్యం. దాని తీగ ఒకటి తెగి ఉంది. పక్కనే మతసంస్కర్త లూథర్ కీర్తనల పుస్తకం. 1531లో అచ్చయిన ఆల్చాటో సంకేత చిత్రాల పుస్తకంలో ల్యూట్ రాజ్యాల పొత్తుకు గుర్తు. ఒక్క తీగ చెడినా పొత్తు చెడినట్టే. మతం పేరిట చీలుతున్న యూరప్‌లో ఆ తీగ ఊరికే తెగలేదనిపిస్తుంది.

కానీ 1525లోనే చిత్రకారుడు డ్యూరర్ పర్‌స్పెక్టివ్ పాఠానికి ల్యూట్‌నే ఎంచుకున్నాడు. గీయడం అంత కష్టం దాన్ని! అంటే అది చిత్రకారుడి పనితనానికి పరీక్ష కూడా. పాత బొమ్మల్లో తీగలకీ బిరడలకీ లెక్క కుదరనివీ ఉంటాయి. అందుకే ముందు తీగలు లెక్కపెడదాం, అర్థాలు తర్వాత వెతుకుదాం.