ఒక్కరి అభిప్రాయం

కడంబూరు స్టేషనులో రైలు కోసం కూర్చుని బ్యాంకు పరీక్షకు చదివిన రోజుల్లో కూపర్ కేసు నాకు ఐదు మార్కుల ప్రశ్న. 1969లో 14 బ్యాంకులను జాతీయం చేసిన చట్టాన్ని సుప్రీంకోర్టు 1970 ఫిబ్రవరి 10న కొట్టేసింది. అంతే బట్టీపట్టాను.

మొన్న ఆ తీర్పు తీరిగ్గా చదివితే అందులో మన మద్రాసు రాష్ట్రం కనబడింది. 1950 జనవరిలో మొదలైన కోర్టు ఆ మే 19న చెప్పిన ఏ.కె. గోపాలన్ తీర్పు. 1947 డిసెంబరు నుంచి ఆ కమ్యూనిస్టు నాయకుణ్ణి ఏదో ఒక కారణాన లోపలే ఉంచారు. ఆరుగురు జడ్జీలు. ప్రాథమిక హక్కులు దేనికది వేరన్నారు ఎక్కువమంది. కలిపి చదవాలని ఫజల్ అలీ విడిగా రాశారు. ఆయన మాట నెగ్గలేదు. ఇరవై ఏళ్ళకు కూపర్ కేసులో పదకొండు మందిలో పదిమంది ఆ దారికే వచ్చారు. అదీ బ్యాంకు వాటాల కేసులో! మనిషి స్వేచ్ఛ విషయంలో 1978 మేనకా గాంధీ కేసు దాకా ఆగవలసి వచ్చింది.

ఇది చదివాక నాకొక పాత ఫైలు గుర్తొచ్చింది. చిన్న అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి అప్పు. ఇవ్వొచ్చనే నా లెక్క. మిగతా నలుగురూ వద్దన్నారు. వేరే అభిప్రాయం రాయడానికి కాగితంలో చోటుంది. నేను వాళ్ళ సంతకాల కిందే సంతకం పెట్టాను.

ఆ మనిషి మన తెలుగాయనే. సాయంత్రం ఇంటికొచ్చి, "ఒక్కరన్నా ఇమ్మన్నారా, అన్నా?" అని అడిగాడు.

కాఫీ తాగమన్నాను.