తోట కోసం జరిగిన ఊరు

ఖమ్మంలో పుట్టి పెరిగినవాళ్ళకు "మన ఖిల్లా ఇంకెక్కడైనా ఉంటేనా!" అని నిట్టూర్చడం ఒక అలవాటు. నేను నిట్టూర్పుతో ఆగలేదు. ఉద్యోగం విరమించిన కొత్తలో ఒక అర్జీ కూడా రాశాను: ఖిల్లా మెట్లు బాగు చేయించాలి, ముళ్ళపొదలు కొట్టించాలి, చుట్టూ ఉన్న ఇళ్ళు తీయించి తోట వేయించాలి అని. దానికి జవాబు రాలేదు. నకలు మాత్రం నా పెట్టెలో భద్రంగా ఉంది.

మా పెద్దమ్మాయి కాపురం హాలెండులో. కిందటి వేసవిలో మా ఇద్దరినీ పిలిపించుకుని, ఉట్రెక్టు పట్టణం దగ్గర డె హార్ అనే కోట చూపించింది. చుట్టూ కందకం, నీళ్ళలో బురుజుల నీడలు, గీత గీసి కత్తిరించినట్టున్న మొక్కలు, గులాబీలు, చెట్ల బాటలు. "పెళ్ళివారి విడిదిలా ఉందండీ!" అంది మా ఆవిడ. నాకు నా అర్జీ గుర్తుకొచ్చింది.

పందొమ్మిదో శతాబ్దం చివరినాటికి ఆ కోట ఒట్టి శిథిలమేనట. అది వారసత్వంగా వచ్చిన జమీందారు రోత్‌షీల్డు వారింటి అల్లుడు. అంటే డబ్బుకు లోటు లేదన్నమాట. ఆమ్‌స్టర్‌డాం రైలుస్టేషను కట్టిన కైపర్స్ అనే శిల్పిని పిలిపించి, 1892లో పని మొదలుపెట్టించాడు. పాత గోడల మీదే కొత్త కోట లేచింది. మొక్క నాటి అది చెట్టయ్యేదాకా కూర్చునే ఓపిక ఆయనకు లేదు. నలభై ఏళ్ళు పెరిగిన చెట్లనే ఏడువేలు తెప్పించి నాటించాడు. ఉట్రెక్టులో చెట్ల బళ్ళు మళ్ళడానికి ఒక ఇల్లు అడ్డమొస్తే, కొని పడగొట్టించాడు!

"ఔరా, ఇంటికే ఎసరు పెట్టాడే!" అన్నాను.

"ఇల్లేమిటి నాన్నా, ఇక్కడ ఊరే అడ్డమొచ్చింది" అంది మా అమ్మాయి.

కోటను ఆనుకుని ఒక ఊరుండేదట. తోటకు చోటు చాలదని దాన్ని ఓ కిలోమీటరు అవతలికి జరిపించాడట. చర్చి ఒక్కటే ఉన్నచోట మిగిలింది. ఆ చర్చి ముందు చాలాసేపు నిలబడిపోయాను.

ఎందుకంటే, ఊరు వెళ్ళిపోయిన గుడిని నేనింతకు ముందే చూశాను. మా అమ్మ పుట్టినూరు భద్రాచలానికి దిగువన, గోదావరి గట్టున, అడవి అంచున ఉంది. పోలవరం ముంపులోకి వచ్చిన ఊరు. 2014లో ఆ మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. ఆ వరద తరువాత మా మేనమామ ఇల్లు విప్పి, దూలాలు, ద్వారబంధంతో సహా ట్రాక్టరు మీద కాలనీకి చేర్చాడు. రాములవారి గుడి, దాని ముందు చింతచెట్టు అక్కడే ఉండిపోయాయి. నేను చూడబోతే, "ఇల్లు బాగానే ఉంది అల్లుడూ. ఆ చింతచెట్టే..." అని ఆగిపోయాడు.

ఆనకట్టకూ తోటకూ పోలిక లేదనుకోండి. ఒకటి పొలాలకు నీరిచ్చేది, ఒకటి కంటికి విందు. కాని సామాను సర్దుకునేవాడికి రెండూ ఒకలాగే కనబడతాయి. అంత శ్రమపడి పెంచిన ఆ తోట కూడా నిలిచిందా అంటే, రెండో ప్రపంచ యుద్ధంలో చెట్లు పొయ్యిల పాలయ్యాయి. నేలలో కూరగాయలు పండించుకున్నారు. తోటను మళ్ళీ తరువాత దిద్దుకున్నారు.

తిరిగొచ్చాక ఒక ఉదయం ఖిల్లా ఎక్కాను. షితాబ్‌ఖాన్ చేతిలోనుంచి గోల్కొండ సుల్తాన్ కులీ చేతిలోకి పోయిన కోట ఇది. నిజాముల కాలపు జాఫరుద్దౌలా పేరు మెట్లబావికి ఇంకా నిలిచి ఉంది. పైనుంచి చూస్తే కొండ చుట్టూ ఇళ్ళు. డాబాల మీద ఆరేసిన చీరలు, వడియాలు, గాలిపటాలు ఎగరేసే పిల్లలు. నా అర్జీలో తీయించమన్నవి ఇవే.

దిగేసరికి నోరెండిపోయింది. మొదటి ఇంటి అరుగు మీద కూలబడ్డాను. లోపలినుంచి ఒకామె చెంబుతో నీళ్ళు తెచ్చి, "ఎండ ముదరకముందే ఎక్కాల పెద్దాయనా" అని మందలించింది. "ఎన్నాళ్ళనుంచి ఉంటున్నారమ్మా?" అన్నాను. "మా అత్తగారు కాపరానికొచ్చింది ఈ ఇంటికే" అంది.

ఇంటికొచ్చి అర్జీ తిరగరాశాను. మెట్లు, పొదలు అలాగే ఉంచాను. ఖాళీ ఉన్నచోట నాలుగు వేపలు, కానుగలు, ఒక చింతమొక్క నాటమన్నాను. ఇళ్ళ సంగతి కొట్టేశాను.

మా ఆవిడ చదివి, "తోట చిన్నదైపోయిందేమండీ?" అంది.

"నలభై ఏళ్ళు ఆగితే పెద్దదవుతుంది" అన్నాను.